ఏజెన్సీ ఊళ్ళు, నాలుగు వరసల స్క్రిప్టు

"1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోని చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది."

ఈ వాక్యం నాదే. కాకపోతే నేను ఇలా రాయలేదు. 2022 ఏప్రిల్‌లో ఒక రాత్రి నేను రాసిన నాలుగు వరసల షెల్ స్క్రిప్టు దాన్ని ఇలా చేసింది. అసలు వాక్యంలో "విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోని చింతపల్లి" అని ఉండేది. ఒక మనిషి తన పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆ జిల్లా పుట్టడానికి వందేళ్ళ ముందే తిరుగుబాటు చేశాడన్నమాట! మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత మిగతా ఫైళ్ళు తెరిచి చూస్తే నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, విశాఖ మన్యం ఊళ్ళ గురించి నాకు తోచినప్పుడల్లా రాసుకున్న నోట్సు చాలా ఉంది. పాత గెజిటీర్లలో దొరికిన ముక్కలు, జనాభా లెక్కల పట్టికలు, వాటిని ఒక చిన్న వెబ్‌సైటుగా చూపించే కోడు, మ్యాపు గీసే కోడు, అన్నీ కలిపి మూడువందల పైచిలుకు ఫైళ్ళు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, చింతపల్లి, ఇలా పాడేరు వైపు 11 మండలాలు, రంపచోడవరం, చింతూరు వైపు ఇంకో 11 మండలాలు అందులో చేరాయి. నా సైటులో అరకు పేజీ ఇంకా "విశాఖపట్నం జిల్లా" అనే చూపిస్తోంది. ఇన్ని ఫైళ్ళు చేత్తో ఎవరు దిద్దుతారు? స్క్రిప్టు రాసేశాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫైండ్ అనే ఆదేశం ఒక ఫోల్డరులోకి, దాని లోపలి ఫోల్డర్లలోకి దిగి, అడిగిన రకం ఫైళ్ళ పేర్లన్నీ ఏరుకొస్తుంది. గ్రెప్ వాటిలో మనక్కావలసిన మాట ఉన్నవాటినే మిగులుస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ ఆ జాబితాని మోసుకెళ్ళి సెడ్‌కి అందిస్తుంది. సెడ్ ఒక్కో ఫైలూ వరసవరసగా చదువుతూ, పాత మాట కనబడ్డ ప్రతిచోటా కొత్త మాట పెడుతుంది. అంతే. నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు పని అయిపోయింది. ఎన్ని చోట్ల మార్చిందో కూడా చెప్పలేదు. యూనిక్స్ ఆదేశాల అలవాటే అది, పని సవ్యంగా జరిగితే నోరెత్తవు. సవ్యం అంటే వాటి లెక్కలో, మన లెక్కలో కాదు.

ఈ పనిముట్ల పుట్టుక కథ సాహిత్యం చదివేవాళ్ళకి నచ్చేదే. గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950లలో "రెగ్యులర్" అన్న పేరుతో అక్షరాల వరసలకి ఒక బీజగణితం కట్టాడు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ఆ బీజగణితంతో కంప్యూటరు చేత మాటలు వెతికించడం ఎలాగో 1968లో ఒక వ్యాసంలో చెప్పాడు. మరుసటి ఏడాది యూనిక్స్ కోసం ఈడీ అనే ఎడిటర్ రాసినప్పుడు దాన్ని అందులో పెట్టాడు. అప్పట్లో తెరలు లేవు, కాగితం మీద టకటకా కొట్టే టెలిటైపులే. ఫైలంతా చూపించడం ఖరీదైన పని కాబట్టి, ఫలానా నమూనా ఉన్న వరసలు మాత్రం అచ్చువేయి అనే ఆదేశం అందులో ఉండేది. "ఫైలంతటా, ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అచ్చువేయి" అన్న మూడు మాటల పొట్టి అక్షరాలు కలిస్తే వచ్చిన పేరే గ్రెప్.

దాన్ని ఎడిటర్లోంచి బయటికి తీసి విడి ఆదేశంగా చేయడానికి కారణం లీ మెక్‌మాన్ అని బ్రయన్ కెర్నిఘన్ చెప్తాడు. మెక్‌మాన్‌కి భాష మీద ఆసక్తి. 1787, 1788లలో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జే ముగ్గురూ ఒకే కలం పేరుతో రాసిన 85 ఫెడరలిస్టు వ్యాసాల్లో, ఏది ఎవరు రాశారో మాటల వాడకాన్ని బట్టి తేల్చాలని చూస్తున్నాడు. ఆ పాఠం అంతా ఈడీలో పట్టలేదు. అప్పటి యంత్రాల జ్ఞాపకశక్తి అంత చిన్నది. థాంప్సన్ ఎడిటర్లోని వెతికే భాగాన్ని విడదీసి ఇచ్చాడు. అది 1973 నాటి యూనిక్స్ మాన్యువల్లోకి ఎక్కింది. ఆ వెంటనే మెక్‌మాన్ తానే సెడ్ రాశాడు. ఫైలు ఎంత పెద్దదైనా ఒక్కో వరసనే చేతిలోకి తీసుకుని దిద్ది వదిలే ఎడిటర్ అది.

అంటే ఈ రోజు మనం వేల కోడు ఫైళ్ళ మీదికి తోలే ఈ జంట, మొదట ఒక పాత గ్రంథకర్తృత్వ వివాదం చుట్టూ పుట్టింది. తెలుగులో కవుల కాలాదుల గురించి తగవులాడుకునే మనకి ఇది పరాయి సంగతేమీ కాదు.

ఇంకో చిన్న విషయం ఉంది. మెక్‌మాన్ రాసిన సెడ్ అసలు ఫైలుని ముట్టుకునేది కాదు. దిద్దిన పాఠాన్ని బయటికి వదిలేది, అంతే. చూసుకుని, నచ్చితే వేరే ఫైలులో దాచుకోవాలి. పాతదీ కొత్తదీ రెండూ ఉండేవి. "ఉన్నచోటే మార్చేయి" అనే ఐ మీట తర్వాతి కాలపు వెర్షన్లలో వచ్చింది. బీఎస్‌డీ వాళ్ళ సెడ్‌లో, మ్యాక్‌లో కూడా, ఆ మీట నొక్కితే పాత ప్రతికి ఏం తోక తగిలించాలో చెప్పి తీరాలి. వద్దంటే వద్దని ఖాళీ తోక ఇవ్వాలి. లినక్స్‌లో ఉండే గ్నూ సెడ్ అదీ అడగదు. నేను వాడింది గ్నూ సెడ్.

ఇప్పుడు కొండల సంగతికి వద్దాం. నేను మార్చిన మాట ఏమిటి? "విశాఖపట్నం జిల్లా". ఆ మాటకి ఒక్క అర్థం ఉందనుకోవడమే నా తప్పు.

1869లో కార్మైకేల్ ఈ జిల్లాకి మాన్యువల్ రాశాడు. 1907లో ఫ్రాన్సిస్ గెజిటీర్ రాశాడు. వాళ్ళు విశాఖపట్నం జిల్లా అన్నప్పుడు అందులో జయపురం జమీందారీ ఉంది, కోరాపుట్ ఉంది, శ్రీకాకుళం వైపు ఊళ్ళున్నాయి. అందులో కొండ ప్రాంతానికి 1839 చట్టంతోనే మామూలు కోర్టుల, మామూలు చట్టాల పాలన తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టారు. ఇప్పటికీ అరకు, పాడేరు మనుషులు "ఏజెన్సీ" అంటారే, ఆ మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడితే జయపురం అటు పోయింది. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం విడిపోయింది. 2022లో మిగిలినది మూడు ముక్కలై విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి జిల్లాలయింది. ఒకే పేరు, ఐదారు వేరువేరు నేలలు. ఫ్రాన్సిస్ పుస్తకం నుంచి నేను ఎత్తి రాసుకున్న కోరాపుట్ ముక్కల్ని కూడా నా స్క్రిప్టు తీసుకెళ్ళి పాడేరు కలెక్టరు కింద పెట్టింది.

గోదావరి వైపు ఇంకా చిక్కు. కూనవరం, చింతూరు వైపు ఊళ్ళు 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేవి. ఆ ఏడాది భద్రాచలంతో పాటు ఖమ్మంలోకి వెళ్ళాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా మళ్ళీ తూర్పు గోదావరిలోకి వచ్చాయి. 2022లో అల్లూరి జిల్లాలోకి వచ్చాయి. అక్కడ పుట్టిన ముసలామె ఒకావిడ ఇల్లు కదలకుండానే 2022 నాటికి మూడుసార్లు జిల్లా మారింది. నా పాత స్క్రిప్టులో 2014 నాటి వరస ఒకటి మిగిలిపోయి ఉంది, "ఖమ్మం జిల్లాని తూర్పు గోదావరి జిల్లాగా మార్చు" అని. దాని కింద కొత్త వరస చేర్చాను, "తూర్పు గోదావరి జిల్లాని అల్లూరి సీతారామరాజు జిల్లాగా మార్చు" అని. సెడ్ బుద్ధిగా పైనుంచి కిందికి రెండూ చేసింది. ఎక్కడో పాదసూచికలో ఉన్న ఖమ్మం ఖిల్లా కూడా రెండు దూకుళ్ళలో అల్లూరి జిల్లాకి చేరింది. పైగా తూర్పు గోదావరి అన్న జిల్లా పోలేదు. రాజమహేంద్రవరం కేంద్రంగా ఇంకా ఉంది. పాత కేంద్రం కాకినాడ వేరే జిల్లా అయింది. పేరు పోకుండా నేల మారిపోతే వెతికి మార్చే పనిముట్టుకి ఎలా తెలుస్తుంది?

ఊళ్ళ పేర్లూ అంతే. అనంతగిరి మన బొర్రా గుహల దగ్గరే కాదు, వికారాబాద్ పక్కనా ఉంది, సూర్యాపేట జిల్లాలో మండలంగానూ ఉంది. చింతపల్లి నల్గొండ జిల్లాలో ఇంకొకటి ఉంది. జి.మాడుగుల అల్లూరి జిల్లాలో, ఉత్త మాడుగుల అనకాపల్లి జిల్లాలో. ఒకదాని పేరు రెండోదాని పేరులో పూర్తిగా ఇమిడి ఉంది. ముంచింగిపుట్టుని ముంచంగిపుట్టు అనీ రాస్తారు, గూడెం కొత్తవీధిని జి.కె.వీధి అనీ జీకే వీధి అనీ రాస్తారు. ఇక "అరకు" అంటే లోయ కావచ్చు, మండలం కావచ్చు, శాసనసభ స్థానం కావచ్చు, పాలకొండ నుంచి రంపచోడవరం దాకా సాగే లోక్‌సభ స్థానం కావచ్చు. మనిషి చదివితే పక్క మాటని బట్టి తెలిసిపోతుంది. సెడ్‌కి పక్క మాట అక్కర్లేదు.

ఆ రాత్రే ఇంకో పని కూడా పెట్టుకున్నాను. "అరకు" అని ఉన్నచోటల్లా "అరకులోయ" అని ఒకే తీరుగా ఉంచుదామనుకున్నాను. అప్పటికే అరకులోయ అని ఉన్నవన్నీ "అరకులోయలోయ" అయ్యాయి. రెండోసారి నడిపి ఉంటే ఇంకో లోయ చేరేది. అంతకంటే వింతగా, బీరువా గురించిన వాక్యం ఒకటి, "పై అరకు తాళం లేదు" అన్నది, "పై అరకులోయ తాళం లేదు" అయి కూచుంది. అర అన్న మాటకి కు చేరిస్తే అరకు అవుతుందని తెలుగు పిల్లలందరికీ తెలుసు. నేనే మర్చిపోయాను.

ఇంగ్లీషుకి పనికొచ్చే జాగ్రత్తలు తెలుగుకి సగమే పనికొస్తాయి. "పూర్తి మాట దొరికితేనే మార్చు" అని చెప్పే గుర్తు ఉంది కదా అంటారు. పైథాన్ భాషలో మామూలుగా వాడే వెతుకులాట సాధనం మన గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. దాని దృష్టిలో "అరకు" అంటే "అరక" అనే పూర్తి మాట, దాని తర్వాత ఏదో ఒక గుర్తు. కాబట్టి "అరక అన్న పూర్తి మాట ఉంటే నాగలి అని మార్చు" అంటే అరకులోయని కూడా పట్టుకుంటుంది. కొమ్ము మాత్రం దిక్కులేకుండా గాల్లో మిగులుతుంది. పైగా విశాఖపట్నం అన్నది విశాఖపట్నానికి, విశాఖపట్నపు అయ్యేసరికి చివరి సున్నా ఎగిరిపోతుంది, పాత మాట దొరకనే దొరకదు. "వైజాగ్"లో ఐత్వం ఒకే సంకేతంగా ఉండొచ్చు, రెండు సంకేతాలు కలిసీ ఉండొచ్చు. కంటికి ఒకటే, కంప్యూటరుకి వేరు. పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు కొందరు పెడతారు, కొందరు పెట్టరు. "స్టేషన్‌లో" అని వెతికితే సగమే దొరుకుతాయి. ఇక యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో కొట్టించిన పాత ఫైళ్ళయితే, వాటిని మార్చుకుంటే తప్ప అసలు అందులో తెలుగు ఉందనే గ్రెప్‌కి తెలియదు.

ఇవన్నీ సాంకేతికమైన చికాకులు, దిద్దుకోవచ్చు. నన్ను నిజంగా భయపెట్టింది వేరే.

నా నోట్సులో చట్టాల భాగం ఒకటుంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఏ నేల ఆదివాసులకి రక్షణ ఉన్న ప్రాంతమో 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. అందులో అరకు అని లేదు, పాడేరు అని లేదు. 1936లో ఒరిస్సాకి పోగా మిగిలిన విశాఖపట్నం ఏజెన్సీ అన్న అర్థంలో ఉంది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే 1959 నాటి ఒకటో నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 నాటి ఒకటో నిబంధన, ఆ ప్రాంతం మీదే నిలబడ్డాయి. 1997 జూలైలో సమతా కేసులో సుప్రీంకోర్టు, ఆ నిబంధనలోని "వ్యక్తి" అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతర గనుల కంపెనీలకి కౌలుకి ఇవ్వడం చెల్లదని తీర్పిచ్చింది. ఆ తగాదా అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ళది. తీర్పులో ఉన్నది విశాఖపట్నం జిల్లా. నా ఫైలులో ఇప్పుడు ఉన్నది అల్లూరి జిల్లా.

నా సైటు ఎవరూ కోర్టులో పెట్టరు, నిజమే. కానీ బొర్రా పక్క ఊరి కుర్రాడొకడు తన తాతల నేల గురించి వెతుకుతూ, నా పేజీ చూసి అల్లూరి జిల్లా అన్న మాటతో పాత కాగితాలు వెతికాడనుకోండి. ఏమీ దొరకదు. 2022కి ముందు కాగితాలన్నీ పాత పేరు మీదే ఉన్నాయి. పాత పేరు తప్పు పేరు కాదు, అది ఆ కాలపు కాగితాలు తెరిచే తాళంచెవి. దాన్ని తుడిచేసి కొత్తది పెడితే పేజీ తాజాగా కనిపిస్తుంది, తలుపు మాత్రం మూసుకుపోతుంది. ఒక మాటకి ఏ అర్థం చెప్పాలన్న దాని మీద ఊళ్ళు నిలబడ్డ చోట, ఆ మాటల్ని చూడకుండా మార్చడం చిన్న తప్పు కాదు.

అదృష్టం కొద్దీ ఫోల్డరంతా గిట్‌లో ఉంది. పాత స్థితికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత పని మూడు వారాలు పట్టింది. మొదట గ్రెప్‌తో ఆ మాట ఉన్న వరసలన్నీ వరస సంఖ్యలతో తీసి, ఒక్క అక్షరం మార్చకుండా, కూచుని చదివాను. చదివితే అవి రెండు రకాలని తేలింది. "ఈ ఊరు ఫలానా జిల్లాలో ఉంది" అనేవి ఒక రకం. "అప్పుడు ఫలానా జిల్లాలో ఇది జరిగింది" అనేవి రెండో రకం. మొదటి రకం వాక్యాల్లోంచి తీసేసి, ఊరి పట్టికలో ఒక్కచోట పెట్టాను, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లా అని. ఊరికి గుర్తుగా పేరు బదులు 2011 జనాభా లెక్కల్లో ఇచ్చిన ఆరంకెల సంఖ్య పెట్టాను. రేపు ఇంకో ముఖ్యమంత్రి ఇంకో గీత గీస్తే పట్టికలో ఒక వరస చేరుతుంది, ఏదీ పోదు. రెండో రకం వాక్యాల జోలికి అసలు పోలేదు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. వికీడేటాలో ఒక ఊరు ఏ జిల్లాలోదో మొదలు తేదీ, ముగింపు తేదీలతో రాయొచ్చు. తెలుగు వికీపీడియాలో వేలకొద్దీ ఊళ్ళ పేజీలున్నాయి. వికీల్లో ఇలాంటి పనులకి వాడే ఆటోవికీబ్రౌజర్ ప్రతి మార్పునీ ముందు మనిషికి చూపించి, అతను సరే అంటేనే భద్రపరుస్తుంది. మనిషి చూడకుండా నడిచే బాట్‌కి సముదాయం అనుమతి కావాలి. మొదట్లో ఇదంతా నాకు చాదస్తంగా కనబడేది. ఇప్పుడు మెక్‌మాన్ పాత సెడ్ గుర్తొస్తుంది. మార్చినది చూపించు, అసలుది ముట్టుకోకు.

చదువుతున్నప్పుడు తగిలిన చివరి వరస ఒకటి చెప్పి ముగిస్తాను. 1924 మే 7న సీతారామరాజుని కొయ్యూరు దగ్గర చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. చింతపల్లి మీద దాడి జరిగిన మర్నాడు, 1922 ఆగస్టు 23న, అతని దళం వెళ్ళింది ఆ ఊరి స్టేషను మీదికే. నా స్క్రిప్టు ఆ ఊరిని కూడా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మార్చింది. అది సహజమే అనిపిస్తుంది కదా? కొయ్యూరు నిజంగానే ఆ జిల్లాలో ఉంది. కానీ కృష్ణదేవిపేట ఉన్న గొలుగొండ మండలం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఆయన పేరున్న జిల్లాలో ఆయన సమాధి లేదు. ఆ వరస దగ్గర చాలాసేపు ఆగి, చేత్తోనే దిద్దాను.